వాయిదాలకు వీరతాళ్లు

న్యాయవాద వృత్తిలో గౌరవాలకు కొదవ లేని కాలమిది. ఉన్నత న్యాయస్థానాలు ఇచ్చే సీనియర్ హోదా ఒకప్పుడు ఆ వృత్తిలో శిఖరం. ఇప్పుడు దానికి తోడుగా అంతర్జాతీయ ర్యాంకింగ్ సంస్థల వార్షిక జాబితాలు, వ్యాపార పత్రికల పురస్కారాలు, పెద్ద హోటళ్లలో సన్మాన సభలు వచ్చి చేరాయి. ఆ జాబితాల్లో కార్మిక, ఉద్యోగ చట్టాలకు ఒక విభాగం తప్పక ఉంటుంది. అమెరికాలో వెలువడే ‘బెస్ట్ లాయర్స్’ జాబితా ఆ విభాగాన్ని చీల్చి, యాజమాన్యాల తరఫున వాదించేవారిని ఒక శీర్షిక కింద, కార్మిక సంఘాల తరఫున వాదించేవారిని మరో శీర్షిక కింద చూపుతుంది. భారతదేశానికి సంబంధించిన జాబితాల్లో అంత స్పష్టమైన విభజన సాధారణంగా కనిపించదు. దాని అవసరమూ పెద్దగా లేదు. వాటిలో ప్రధానంగా కనిపించేవి కంపెనీలకు సలహాలిచ్చే పెద్ద లా ఫర్ముల పేర్లే. పేరు కార్మిక చట్టానిది, పీట యాజమాన్యం వకీలుది.

ఈ పరిస్థితిని చూసి యాజమాన్యం పక్షాన నిలబడడమే నేరమన్నట్టు మాట్లాడేవారున్నారు. ఆ వాదన నిలవదు. న్యాయస్థానంలో ప్రతి పక్షానికీ వాదించుకునే హక్కు ఉంది. తన స్థాయికి తగిన ఫీజు ఇస్తే, తాను వాదించే కోర్టుల్లో వచ్చిన వకాల్తాను న్యాయవాది స్వీకరించాలనే బార్ కౌన్సిల్ నిబంధన చెబుతుంది. ప్రత్యేక కారణాలుంటేనే నిరాకరించవచ్చు. న్యాయవాదిని అతని క్లయింటుతోనో, క్లయింటు ఆశయంతోనో ఒకటిగా చూడరాదని 1990లో హవానాలో ఆమోదం పొందిన ఐక్యరాజ్యసమితి సూత్రాలూ అంటున్నాయి. ఈ రక్షణ లేకపోతే ముందుగా నష్టపోయేది ప్రభుత్వాగ్రహానికి గురైనవారి పక్షాన, సమ్మె చేసినవారి పక్షాన నిలిచే న్యాయవాదులే. కనుక యాజమాన్యం తరఫు వకీలును అతని క్లయింటును బట్టి నిందించడం తగదు.

అయితే ఆ సూత్రానికి రెండో అంచు కూడా ఉంది. క్లయింటు చేసిన పనికి న్యాయవాదిని నిందించకూడదంటే, క్లయింటు బలాన్ని చూసి అతన్ని కీర్తించడమూ కుదరదు. నింద వచ్చినప్పుడు ‘నేను కేవలం వాదించాను’ అని, సన్మానం వచ్చినప్పుడు ‘యాజమాన్యాలకు అండగా నిలిచాను’ అని ఒకే నోటితో చెప్పుకోవడం వృత్తిధర్మం అనిపించుకోదు. పురస్కారం ఇచ్చేవారు క్లయింటు పేరును పక్కనపెట్టి నైపుణ్యాన్ని మాత్రమే కొలుస్తున్నామంటే, ఆ నైపుణ్యం ఎందుకు వినియోగమైందో పరిశీలించక తప్పదు. చిక్కంతా అక్కడే ఉంది.

మిగిలిన వ్యాజ్యాలకూ కార్మిక వివాదానికీ ఒక మౌలికమైన తేడా ఉంది. రెండు కంపెనీల మధ్య ఒప్పందం బెడిసికొడితే కేసు పదేళ్లు నడిచినా రెండు కంపెనీలూ అన్నం తింటాయి. ఉద్యోగం పోయిన మనిషి కేసు పదేళ్లు నడిస్తే, ఆ పదేళ్లలో పిల్లల చదువు ఆగిపోతుంది, అప్పు పెరుగుతుంది, వయసు మీరిపోయి మరో ఉద్యోగానికి పనికిరాని స్థితి వస్తుంది. యాజమాన్యానికి కాలం ఒక ఖర్చు మాత్రమే. కార్మికుడికి కాలమే జీవిక. అందువల్ల ఈ రంగంలో వాయిదా తటస్థమైన విషయం కాదు. తీర్పు రాకముందే అది ఒక పక్షాన్ని గెలిపిస్తూ ఉంటుంది.

1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం రాసినవారు ఈ అసమానతను గుర్తించారు. ఆ చట్టంలోని 36వ సెక్షన్ ప్రకారం లేబర్ అధికారి ముందు జరిగే రాజీ చర్చల్లో న్యాయవాదులకు ప్రవేశం లేదు. లేబర్ కోర్టులోనూ, ట్రిబ్యునల్‌లోనూ వకీలును పెట్టుకోవాలంటే ఎదుటి పక్షం సమ్మతి, కోర్టు అనుమతి రెండూ ఉండాలి. న్యాయవాది అడుగుపెడితే డబ్బున్న పక్షానికి తూకం మొగ్గుతుందని, వివాదం సాంకేతిక అభ్యంతరాల్లో కూరుకుపోతుందని చట్టమే భావించిందన్నమాట. ఇతర న్యాయస్థానాల్లో సహజంగా ఉండే హక్కుకు ఇక్కడ గేటు పెట్టడం చిన్న సంగతి కాదు.

గేటు పెట్టిన చోట దారులు వెతకడమూ సహజమే. 1976లో పారాదీప్ పోర్టు ట్రస్టు కేసులో ఈ సెక్షన్ సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. న్యాయవాది న్యాయవాదిగా రావాలంటే సమ్మతి, అనుమతి తప్పనిసరి అని కోర్టు చెప్పింది. అదే సమయంలో యాజమాన్యాల సంఘంలోనో, కార్మిక సంఘంలోనో పదవిలో ఉన్న న్యాయవాది ఆ హోదాలో హాజరుకావచ్చని, ఆ పదవి ఎందుకు ఇచ్చారన్న ఉద్దేశాన్ని ట్రిబ్యునల్ విచారించనక్కర్లేదని కూడా స్పష్టం చేసింది. కాగితం మీద ఈ వెసులుబాటు ఇరుపక్షాలకూ సమానమే. సంఘమే లేని కార్మికుడికి, సంఘం ఉన్నా చందాలతో కాలం వెళ్లదీసే చోట అది ఎంతవరకు సమానమో వేరే చెప్పనక్కర్లేదు. 1982లో బొంబాయి పోర్టు ట్రస్టుకు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు ఈ ఎగుడుదిగుడును కొంత సరిదిద్దింది. అంతర్గత విచారణలో యాజమాన్యం న్యాయశాస్త్రం చదివినవారిని తన ప్రతినిధులుగా నిలిపితే, ఆరోపణలు ఎదుర్కొంటున్న ఉద్యోగికీ న్యాయవాదిని పెట్టుకునే అవకాశం ఇవ్వాలన్నది.

ఈ విషయంలో వి.వి. గిరి ఆలోచన మరింత మౌలికమైనది. ఐర్లండ్‌లో న్యాయశాస్త్రం చదివి వచ్చి, రైల్వే కార్మికులను సంఘటితం చేసిన గిరి 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. వివాదాలను ప్రభుత్వం తప్పనిసరిగా ట్రిబ్యునళ్లకు నెట్టే పద్ధతి కార్మికోద్యమాన్ని బలహీనపరుస్తుందని, ఇరుపక్షాలూ ఎదురెదురుగా కూర్చుని బేరమాడి తేల్చుకోవాలని ఆయన పట్టుబట్టారు. చట్టం చదివిన మనిషే కోర్టు మెట్లను కార్మికుడికి అనువైన దారిగా చూడకపోవడం గమనించదగ్గది. బ్యాంకు ఉద్యోగుల అవార్డును ప్రభుత్వం మార్చినందుకు నిరసనగా 1954లో ఆయన రాజీనామా చేశారు. ఆయన వాదించిన విధానం నిలవలేదు. ట్రిబ్యునల్ నిలిచింది, దానిపైన హైకోర్టు రిట్, ఆపైన సుప్రీంకోర్టు అప్పీలు నిలిచాయి. 36వ సెక్షన్ గేటు కింది అంతస్తులోనే. పై అంతస్తుల్లో పేరున్న వకీలుకు అడ్డే లేదు.

ఆ పై అంతస్తుల్లో ఏం జరుగుతుందో 1983లోనే ఒక తీర్పు విప్పి చెప్పింది. రాసినవారు అనంతపురం జిల్లా గుత్తిలో పుట్టిన జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి. ఆ కేసులో ఒక ప్రైవేటు సంస్థ ఉద్యోగికి 1969లో ఉద్యోగం పోయింది. తొలగింపు న్యాయమా కాదా అన్నది అసలు వివాదం. యాజమాన్యం ముందుగా మరో ప్రశ్న లేవనెత్తింది: ఇతను చట్టం చెప్పే ‘వర్క్‌మన్’ నిర్వచనంలోకి వస్తాడా? వస్తాడని లేబర్ కోర్టు అంది. రాడని హైకోర్టు అంది. వస్తాడని చివరికి సుప్రీంకోర్టు తేల్చింది. అప్పటికి 14 ఏళ్లు గడిచాయి. అసలు వివాదంపై విచారణ అప్పుడు మొదలుకావాలి. ప్రాథమిక అభ్యంతరాలను ముందుపెట్టి, వాటిని హైకోర్టుకూ సుప్రీంకోర్టుకూ మోసుకెళ్లి, అసలు వివాదాన్ని ఏళ్ల తరబడి, కొన్నిసార్లు దశాబ్దానికి మించి తేలకుండా చేసే ఎత్తుగడలను చిన్నపరెడ్డి తీవ్రంగా ఖండించారు. కార్మిక ట్రిబ్యునళ్లు అన్ని అంశాలనూ ఒకేసారి తేల్చాలని, మధ్యలో జోక్యం చేసుకునే ముందు హైకోర్టులు ఆలోచించుకోవాలని హితవు చెప్పారు.

ఆ 14 ఏళ్లను న్యాయవాద నైపుణ్యం కోణం నుంచి చూస్తే ఏం కనబడుతుంది? అభ్యంతరం పసలేనిది కాదు, లేకుంటే హైకోర్టు అంగీకరించేది కాదు. దాన్ని తయారుచేసిన మెదడు చురుకైనదే. సంప్రదాయ కొలమానాల ప్రకారం అది మంచి వకాల్తా. ఆ ఉద్యోగి జీవితం కోణం నుంచి చూస్తే అది 14 ఏళ్ల శిక్ష, అదీ నేరం రుజువు కాకముందు. ఒకే పనికి రెండు ముఖాలు. పురస్కారాల కమిటీలకు మొదటి ముఖమే కనిపిస్తుంది.

చట్టసభ ఈ సంగతిని అర్థం చేసుకుంది. తొలగింపు శిక్ష మితిమీరినదైతే దాన్ని మార్చే అధికారాన్ని 1971లో 11ఎ సెక్షన్ ద్వారా లేబర్ కోర్టుకు ఇచ్చింది. కార్మికుడు లేబర్ కోర్టులో గెలిచి పునర్నియామకం ఉత్తర్వు తెచ్చుకుంటే, యాజమాన్యం హైకోర్టుకో సుప్రీంకోర్టుకో వెళ్లిన కాలమంతటికీ, ఆ కార్మికుడు వేరే ఉద్యోగంలో లేనట్లయితే, చివరిగా తీసుకున్న వేతనం చెల్లించాలని 17బి సెక్షన్ చెప్పింది. 1984లో అది అమల్లోకి వచ్చింది. అప్పీలు అనేది ఆయుధంగా మారిందని పార్లమెంటు గుర్తించకపోతే ఆ సెక్షన్ పుట్టేదే కాదు. ఆంధ్రప్రదేశ్ మరో అడుగు ముందే వేసింది. ప్రభుత్వం వివాదాన్ని నివేదిస్తేనే లేబర్ కోర్టు వినాలన్న పద్ధతిని మార్చి, తొలగింపునకు గురైన కార్మికుడు నేరుగా లేబర్ కోర్టు తలుపు తట్టే వీలును 1987లోనే రాష్ట్ర సవరణతో కల్పించింది. దేశమంతటికీ అలాంటి అవకాశం రావడానికి 2010 దాకా ఆగాల్సివచ్చింది.

సుప్రీంకోర్టు 2013లో అన్న మాట అయితే ఈ చర్చకు గుండెకాయ వంటిది. మహారాష్ట్రలో ఒక ఉపాధ్యాయురాలి అక్రమ తొలగింపు కేసులో పాత వేతనాలు చెల్లించాలని తీర్పు ఇస్తూ జస్టిస్ జి.ఎస్. సింఘ్వి, ఇలాంటి కేసుల్లో యాజమాన్యానిదే పైచేయి అని గుర్తుచేశారు. బాధితుడి యాతనను పొడిగించడానికి యాజమాన్యం అత్యుత్తమ న్యాయ మేధావులను నియమించుకోగలదని, కొద్దోగొప్పో పేరున్న లాయరును పెట్టుకోవడం కూడా ఉద్యోగికి మోయలేని విలాసమని ఆ తీర్పు సారాంశం. దేశ అత్యున్నత న్యాయస్థానమే న్యాయవాది కీర్తిని ఒక పక్షం చేతిలోని ఆయుధంగా చూసిందన్నమాట. అటువంటి కీర్తిని ఏటేటా తయారుచేసి పంచే వేదికలు ఈ మాటను పట్టించుకోకుండా ఉండడం ఎలా సాధ్యం?

ఆ కీర్తి ఎలా తయారవుతుందో కూడా చూడాలి. ర్యాంకింగ్ సంస్థలకు లా ఫర్ములే తమ ముఖ్యమైన కేసుల వివరాలు రాసి పంపుతాయి. తమ పనితనం గురించి చెప్పగల క్లయింట్ల పేర్లు ఇస్తాయి. పరిశోధకులు వారిని సంప్రదించి అభిప్రాయం తీసుకుంటారు. ఈ పద్ధతిలో మోసం ఏమీ లేకపోవచ్చు. అయినా ఒక బీడీ కార్మికురాలి తరఫునో, కాంట్రాక్టు పారిశుద్ధ్య కార్మికుడి తరఫునో వాదించే వకీలుకు ఆ దరఖాస్తు నింపేందుకు గుమస్తా ఉండడు, అభిప్రాయం చెప్పేందుకు హెచ్‌ఆర్ విభాగాధిపతి ఉండడు. పోటీ మొదలుకాకముందే సగం మంది బరి బయట మిగిలిపోతారు. న్యాయవాదులు తమను తాము ప్రచారం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ 36వ నిబంధన చెబుతున్న దేశంలో, 2008 సవరణ వెబ్‌సైటులో పరిమిత వివరాలకు మాత్రమే అనుమతించిన దేశంలో, ఇతరుల నోటితో వచ్చే ప్రశంస అంత తేలిగ్గా చలామణి కావడం మరో వింత.

న్యాయస్థానాలే ఇచ్చే సీనియర్ హోదా ఇంతకంటే పారదర్శకమైనదే. 2017లో ఇందిరా జైసింగ్ కేసులో సుప్రీంకోర్టు మార్కుల పద్ధతిని ప్రవేశపెట్టింది. 2023లో సవరించినప్పుడు 100 మార్కుల్లో 50 మార్కులను తీర్పులు, ఉచితంగా వాదించిన కేసులు, రంగ నైపుణ్యం వంటి వాటికి కేటాయించింది. 2025 మేలో ఆ పద్ధతినే పక్కనపెట్టింది. ఏ పద్ధతి పెట్టినా ఒక లోపం మాత్రం మిగులుతుంది. తీర్పుల ద్వారా ప్రతిభను కొలిచినప్పుడు, పైకోర్టు దాకా వెళ్లిన వివాదమే లెక్కలోకి వస్తుంది. గుమ్మంలోనే సమసిపోయిన వివాదానికి మార్కులు లేవు.

యాజమాన్యం తరఫు న్యాయవాది చేయగల అత్యంత విలువైన పని సరిగ్గా ఆ గుమ్మంలోనే ఉంటుంది. చార్జిషీటు ఇవ్వకుండా మనిషిని గేటు బయటకు పంపకండి, రేపు నిలవదు అని చెప్పడం. లేబర్ కోర్టు ఇచ్చిన ఉత్తర్వులో తప్పేమీ లేదు, అప్పీలుకు పెట్టే ఖర్చుతో బకాయిలు తీర్చేయండి అని చెప్పడం. ‘వర్క్‌మన్’ కాదన్న అభ్యంతరం వేయడానికి వీలుంది గానీ వేయడం మర్యాద కాదని చెప్పడం. సమ్మె నోటీసు అందగానే సస్పెన్షన్ ఉత్తర్వులు కాక చర్చల తేదీ పంపించండి అని చెప్పడం. ఇటువంటి సలహా ఇచ్చే న్యాయవాదులు దేశమంతటా ఉన్నారు. వారి సలహా వల్ల నిలబడ్డ కుటుంబాలకు వారి పేరు తెలియదు. కేసు పుట్టలేదు కనుక తీర్పు లేదు, తీర్పు లేదు కనుక నివేదిక లేదు, నివేదిక లేదు కనుక పురస్కారం లేదు. యాజమాన్యం వకీలుకు గుర్తింపు ఉండాలా అన్న ప్రశ్నకు సమాధానం ఉండాలనే. ఆ గుర్తింపు మాత్రం ఈ పనికి రావాలి.

గెలుపును మాత్రమే కొలవడంలో మరో ప్రమాదం ఉంది. కాంట్రాక్టు కార్మిక విధానాన్ని రద్దు చేస్తే ఆ కార్మికులు ప్రధాన యాజమాన్యం ఉద్యోగులవుతారని 1996లో ఎయిర్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2001లో స్టీల్ అథారిటీ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చింది. చట్టంలో అలాంటి మాట లేదు కనుక కోర్టు దాన్ని చేర్చలేదన్నది యాజమాన్యాల వాదన, అది నెగ్గింది. వాదనా పటిమ దృష్ట్యా అది పెద్ద విజయమే, చట్ట వ్యాఖ్యానంగా దాన్ని సమర్థించేవారూ చాలామంది ఉన్నారు. ఫలితంగా ఏళ్ల తరబడి ఒకే గేటులోంచి ఒకే పనికి వెళ్లే మనుషులు ఎప్పటికీ వేరొకరి మనుషులుగానే మిగిలారు. విజయపు లెక్కలో ఈ రెండో వాక్యం కూడా రాయాలి.

వృత్తి ఈ ప్రశ్న వేసుకోకపోయినా వ్యక్తులు వేసుకున్న సందర్భాలున్నాయి. ఫాలీ నారిమన్ భోపాల్ వ్యాజ్యంలో యూనియన్ కార్బైడ్ తరఫున వాదించారు. అది కార్మిక వివాదం కాదు, ఫ్యాక్టరీ గోడ దాటి ఒక నగరాన్ని ముంచెత్తిన విషవాయువు కథ. అయినా యాజమాన్యం వకీలు ఎదుర్కొనే నైతిక ప్రశ్నకు అంతకంటే పెద్ద ఉదాహరణ దేశంలో దొరకదు. ఆ తర్వాత ఆయనకు పద్మభూషణ్, పద్మవిభూషణ్ రెండూ వచ్చాయి. కేసు ఆయన ప్రతిష్ఠను తగ్గించలేదు. కానీ తన ఆత్మకథలో ఆయన భోపాల్‌కు ఒక అధ్యాయం కేటాయించారు. తర్వాత తెలిసినవన్నీ ముందే తెలిసి ఉంటే ఆ వకాల్తా తీసుకునేవాడిని కాదని బహిరంగంగా అన్నారు. ఏ పురస్కార కమిటీ అడగని ప్రశ్నకు ఆ వృద్ధ న్యాయవాది తనంతట తానే జవాబు చెప్పారు. ఆయన పొందిన బిరుదులతో పాటు ఆ మాటనూ వృత్తి గుర్తుంచుకోవాల్సి ఉంది.

2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పారిశ్రామిక సంబంధాల కోడ్ పాత చట్టం స్థానాన్ని ఆక్రమించింది. లేఆఫ్‌కు, రిట్రెంచ్‌మెంట్‌కు, మూసివేతకు ముందస్తు అనుమతి తీసుకోవాల్సిన కర్మాగారాల పరిమితి 100 మంది కార్మికుల నుంచి 300కు పెరిగింది. తొలగింపుపై వ్యక్తిగతంగా ట్రిబ్యునల్‌కు వెళ్లే గడువు మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. పర్యవేక్షక ఉద్యోగి ఎవరన్నది తేల్చే వేతన పరిమితి నెలకు రూ.18,000 అయింది. న్యాయవాదుల ప్రవేశంపై పాత ఆంక్ష మాత్రం కొత్త కోడ్‌లోనూ కొనసాగింది. ప్రతి కొత్త పదానికీ, ప్రతి కొత్త అంకెకూ అర్థం చెప్పించుకోవడానికి రాబోయే ఏళ్లలో వందలాది వివాదాలు పై కోర్టులకు చేరతాయి. పేరు ‘వర్క్‌మన్’ నుంచి ‘వర్కర్’కు మారినా, ‘ఇతను ఆ నిర్వచనంలోకి వస్తాడా’ అన్న 1969 నాటి ప్రశ్న మళ్లీ కొత్త గౌను తొడుక్కుని నిలబడుతుంది.

ఆ వ్యాజ్యాల నుంచే రేపటి సీనియర్లు, రేపటి ర్యాంకులు, రేపటి సన్మానాలు పుడతాయి. యాజమాన్యాల పక్షాన నిలిచేవారికి వాటిలో వాటా ఉండడంలో తప్పులేదు. సన్మానపత్రం రాసేవారు మాత్రం రెండు వివరాలు అడిగితే చాలు. ఈ న్యాయవాది చేపట్టిన వివాదాల్లో అసలు ప్రశ్నపై తీర్పు రావడానికి సగటున ఎన్నేళ్లు పట్టింది? ఎన్ని వివాదాలను ఆయన కోర్టు గడప తొక్కకుండానే తీర్చారు? మొదటి అంకె చిన్నదై, రెండోది పెద్దదైన వకీలు ఏ పక్షాన నిలిచినా శాలువాకు అర్హుడే. ఈ రెండూ అడగకుండా కప్పే శాలువా వాయిదాకు కప్పినట్టే, దాని ఖరీదు కట్టేది ఆ సభకు పిలుపు అందని మనిషే.